సగం ఉద్యోగం ఎవరిది?

ఓహాయో రాష్ట్రంలో కొలంబస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే ఒకప్పుడు రెండే ప్రస్తావనలు వచ్చేవి. ఎవరి గ్రీన్ కార్డు ఎంతవరకు వచ్చింది, ఎవరి పిల్లలకు లెక్కలు ఎక్కడ చెప్పిస్తున్నారు. ఇప్పుడు మూడోది చేరింది. "మీకెన్ని ఇళ్ళున్నాయి?" అని అడుగుతున్నారు. మనం ఉంటున్న ఇల్లు ఆ లెక్కలోకి రాదు. పాత ఇల్లొకటి చవగ్గా కొని, బాగుచేయించి, అద్దెకు ఇవ్వడమో మారు బేరానికి అమ్మడమో చేస్తేనే అది ఇల్లు. ఆ మాటల చివర, కాస్త గొంతు తగ్గించి, మరో వాక్యం వస్తుంది: "ఇంకో రెండు ఇళ్ళు కుదిరితే ఉద్యోగం సగానికి తగ్గించేద్దామనుకుంటున్నాం."

ఈ వాక్యం మీద నాకు కొంత చెప్పాలని ఉంది. ముఖ్యంగా అందులో కర్త ఎవరన్న విషయం మీద.

ముందు మాట సంగతి. ఇళ్ళను కొని బాగుచేసి లాభం తీసే ఈ పనిని తెలుగులో ఏమనాలా అని కొంత ఆలోచించాను (మనలో ఈ జబ్బు లేనివారెవరు?). మనకు 'జీర్ణోద్ధరణ' అనే చక్కని మాట ఉంది. కానీ దాన్ని గుళ్ళకే వాడుకున్నాం. కొత్త గుడి కట్టించడం కంటె శిథిలమైన గుడిని నిలబెట్టడమే ఎక్కువ పుణ్యమని పెద్దలు చెప్పేవారు. ఇంటి విషయంలో ఆ పుణ్యం మనకు పట్టలేదు. పెంకుటింటికి వానాకాలానికి ముందు పెంకులు సర్దించడం, పండక్కి సున్నం కొట్టించడం ఉండేవి గాని, అవి ఇంటిని కాపాడుకోవడానికి చేసినవే, ధర పెంచుకోవడానికి చేసినవి కావు. ధర అంతా నేలలో ఉంటుందని మన నమ్మకం. హైదరాబాదులో ముప్పై నలభై ఏళ్ళ నాటి ఇల్లు అమ్మకానికి వస్తే కొనేవాడు గజాల లెక్కే అడుగుతాడు, గోడల సంగతి అడగడు. ఇంటాయన బిల్డరుకు 'డెవలప్‌మెంటు'కు ఇస్తే ఇల్లు కూలుతుంది, అపార్ట్‌మెంటు లేస్తుంది, ఆయన వాటాకు కొన్ని ఫ్లాట్లు వస్తాయి. అక్కడ జీర్ణోద్ధరణకు గిరాకీ తక్కువ.

అమెరికాలో కథ వేరు. 1920ల్లో కట్టిన కొయ్య ఇంటికి వందేళ్ళ తరువాత కూడా బ్యాంకు ముప్పై ఏళ్ళ అప్పు ఇస్తుంది. వంటిల్లు మార్చి, స్నానాల గది మార్చి, నేల చెక్కలు నునుపుచేసి మెరుగుపెడితే కొనేవాడు ఆ పనికి వేరుగా డబ్బిస్తాడు. తమాషా ఏమంటే, వీరి ఆదాయపు పన్ను చట్టం మాత్రం మన తాతయ్యల పక్షమే. అద్దెకిచ్చిన ఇల్లు 27.5 సంవత్సరాల్లో తరిగిపోతుందని లెక్క కట్టి ఏటా తరుగుదల ఇస్తుంది. నేలకు మాత్రం తరుగుదల లేదు!

ఇక ఈ ఆశకు మూలం. తమ అనుభవం ఏ కాలంలో జరిగిందో చూసుకోకుండా దాన్ని సూత్రంగా చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు. ముప్పై ఏళ్ళ స్థిర వడ్డీ సగటు 2021 జనవరిలో 2.65 శాతానికి దిగింది. 2023 అక్టోబరులో 7.79కి ఎక్కింది. ఆ మొదటి అంకె దగ్గర కొన్నవారు మేధావులుగా కనబడ్డారు, రెండో అంకె దగ్గర కొన్నవారు తెలివితక్కువవారుగా కనబడ్డారు. ఇద్దరూ చదివింది ఒకే పుస్తకం. మా ఊరి విషయంలో ఇంకొకటి జరిగింది. 2022 జనవరిలో ఇంటెల్ కంపెనీ కొలంబస్ పక్కనే లికింగ్ కౌంటీలో చిప్పుల కర్మాగారం కడతానని ప్రకటించింది. 2025కల్లా ఉత్పత్తి మొదలవుతుందన్నారు. దాన్ని చూసుకుని ఎంతమంది ఎన్ని ఇళ్ళ లెక్కలు వేసుకున్నారో. 2025 ఫిబ్రవరిలో ఆ గడువు 2030-31కి జరిగింది. కర్మాగారం రాదని నేననడం లేదు. రావడానికీ మన వాయిదాలు కట్టడానికీ మధ్య ఐదారేళ్ళు తేడా వస్తే ఆ ఐదారేళ్ళు జీతమే కట్టాలని అంటున్నాను.

లెక్కల్లో తమకు మించినవారు లేరనుకున్న వాళ్ళకు ఏమైందో కూడా తెలుసు. జిల్లో అనే సంస్థ దేశంలోని ఇళ్ళ ధరలన్నీ గణకయంత్రాలతో అంచనా కట్టేది. ఆ అంచనాల బలంతోనే 2018లో తానే ఇళ్ళు కొని, చిన్నచిన్న మరమ్మతులు చేసి అమ్మడం మొదలుపెట్టింది. 2021 నవంబరులో ఆ వ్యాపారాన్ని మూసేస్తున్నానని చెప్పి, సిబ్బందిలో దాదాపు నాలుగోవంతు మందిని తీసేసింది. కొన్ని నెలల తరువాత ఇల్లు ఎంతకు పోతుందో ముందుగా చెప్పలేకపోవడమే వాళ్ళు చెప్పుకున్న కారణం. శనివారం మధ్యాహ్నం ఎక్సెల్ పట్టిక ముందు కూర్చునే మనకు ఆ సామర్థ్యం ఎక్కడినుంచి వస్తుంది?

అయినా లెక్క వేద్దాం. ఈ వృత్తిలో అందరికీ కంఠతా వచ్చే సూత్రం డెబ్భై శాతం సూత్రం. బాగుచేశాక ఇల్లు ఎంతకు అమ్ముడవుతుందో అందులో డెబ్భై శాతం తీసుకుని, మరమ్మతు ఖర్చు తీసేస్తే, కొనుగోలుకు ఇవ్వదగిన గరిష్ఠ ధర వస్తుంది. మూడు లక్షల డాలర్లకు పోయే ఇల్లనుకోండి. డెబ్భై శాతం 2,10,000. మరమ్మతు 60,000. కాబట్టి 1,50,000 దాటి కొనకూడదు. మిగిలిన ముప్పై శాతం, అంటే 90,000 డాలర్లు, లాభమని చాలామంది మనసులో రాసుకుంటారు.

కాదు. నేను వేసుకున్న అంచనా ఇది, ఎవరి ఊరికి తగ్గట్టు వారు మార్చుకోవచ్చు. అమ్మేటప్పుడు ఏజెంట్లకు 15,000, ఇతర ముగింపు ఖర్చులు 6,000, కొనేటప్పటి ఖర్చులు 3,000. ఇలాంటి ఇళ్ళకు మామూలు బ్యాంకు వెంటనే అప్పివ్వదు. ప్రైవేటు వడ్డీ సంస్థల దగ్గర 1,80,000 తీసుకుంటే, పదకొండు శాతం చొప్పున ఆరు నెలలకు 9,900, ఇచ్చినందుకు ముందుగా పట్టుకునేది 3,600. ఇంటిపన్ను 2,000, ఖాళీ ఇంటికి ప్రత్యేకంగా తీసుకోవలసిన బీమా 1,500, కరెంటు, గ్యాసు, నీళ్ళు 1,500. మొత్తం 42,500. చేతిలో 47,500 మిగిలింది. ఇప్పుడు మరమ్మతు అనుకున్నదానికంటె 15,000 పెరిగింది, పని రెండు నెలలు ఆలస్యమైంది, దానికి వడ్డీ వగైరా మరో 5,000. మిగిలింది 27,500. ఇలా కొని అమ్మడమే పనిగా చేసేవాడికి ఇది దీర్ఘకాలిక మూలధన లాభం కింద తక్కువ పన్నుకు రాదు. మామూలు ఆదాయమే, పైగా 15.3 శాతం స్వయంఉపాధి పన్ను కూడా పడుతుంది. అది దాదాపు 3,900. మిగిలిన 23,600లోంచే మామూలు పన్ను కూడా కట్టాలి.

ఈ ఇంటి మీద ఎనిమిది నెలలు, వారానికి ఇరవై గంటల చొప్పున పెట్టారనుకుందాం. ఏడువందల గంటలు. గంటకు ముప్పైనాలుగు డాలర్లు. ఏడాదికి 1,30,000 జీతం వచ్చే ఉద్యోగంలో గంటకు అరవై రెండున్నర. ఆ జీతంలో సగం వదులుకుంటే ఏడాదికి పోయేది 65,000.

ఇందులో మోసమేమీ లేదు. మంచి ఇల్లు దొరికి, పని సజావుగా సాగితే ఆ 47,500 చేతికి రావచ్చు. నా అభ్యంతరం ఒకే ఒక్క మాట మీద. దీన్ని 'కూర్చుని తినే ఆదాయం' అనకూడదు. ఇది ఇంకో ఉద్యోగం. ఇందులో సెలవులు లేవు, ఆరోగ్య బీమా లేదు, యజమాని మనమే గనక తిట్టుకోవడానికి మనిషి కూడా లేడు.

మరి ఉద్యోగాన్ని సగం చేసుకోమని ఇంతమంది ఎందుకు చెబుతున్నారు? కారణం లాభం కాదు, పన్ను. ఇక్కడే అసలు సంగతి ఉంది, నిదానంగా చూద్దాం.

అద్దె ఇంటి మీద కాగితాల్లో కనబడే నష్టాన్ని (తరుగుదల వల్ల వచ్చేది ఎక్కువగా ఇదే) జీతంలోంచి తీసివేయడానికి పన్ను చట్టం మామూలుగా ఒప్పుకోదు. ఒక మినహాయింపు ఉంది: ఏడాదికి 25,000 డాలర్ల వరకు. కాని ఆదాయం లక్ష దాటిన దగ్గర్నుంచి అది తగ్గుతూ లక్షన్నరకు పూర్తిగా మాయమవుతుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే మన ఇళ్ళలో అది ఉన్నా లేనట్టే. రెండో దారి, దంపతుల్లో ఒకరు 'రియల్ ఎస్టేట్ వృత్తినిపుణుడు' అనిపించుకోవడం. దానికి రెండు షరతులు. ఏడాదిలో ఆ వృత్తి మీద 750 గంటలకు మించి పనిచేయాలి. తాము చేసే పని మొత్తంలో సగానికి మించి అదే కావాలి. ఈ రెండూ ఒక్కరే నెరవేర్చాలి, ఇద్దరి గంటలు కలిపి చూపితే కుదరదు. అది కుదిరాక, అద్దె ఇళ్ళ నిర్వహణలో నిజంగా పాలుపంచుకున్నామని కూడా చూపించగలిగితే, ఇద్దరూ కలిసి వేసే పన్ను పత్రంలో ఆ నష్టం రెండో వారి జీతానికి కూడా అడ్డుపడుతుంది.

అందరూ 750 దగ్గర ఆగిపోతారు. రెండో షరతు చూడండి. ఏడాదికి రెండువేల గంటలు ఉద్యోగం చేసేవాడు ఇళ్ళ మీద రెండువేల గంటలకు పైగా పెట్టాలి, అది మానవమాత్రుడికి కష్టం. ఉద్యోగం సగం చేసుకుంటే వెయ్యి గంటలు. అప్పుడు ఇళ్ళ మీద వెయ్యికి పైగా కావాలి. అంటే మొత్తం మళ్ళీ రెండువేలే. ఉద్యోగం సగమైంది గాని పని సగం కాలేదు. ఆ గంటల లెక్క రోజువారీగా రాసి పెట్టుకోవాలి. సంవత్సరాంతంలో గుర్తున్నంతవరకు ఉజ్జాయింపుగా వేసిన పట్టికలను పన్ను న్యాయస్థానం తోసిపుచ్చిన తీర్పులు ఎన్నో ఉన్నాయి.

ఇప్పుడు కర్త దగ్గరికి వస్తున్నాను. "ఉద్యోగం తగ్గించేద్దామనుకుంటున్నాం" అన్న వాక్యంలో 'మనం' అని వినిపిస్తుంది. అప్పుడు "ఎవరిది?" అని అడిగి చూడండి. నేను అడిగినంతవరకు సమాధానం దాదాపు ప్రతిసారీ ఒకటే. "మా ఆవిడది. తన జీతం తక్కువ కదా."

లెక్క ఎప్పుడూ ఆమె పేరే చెబుతుంది. లెక్క తప్పని నేననను. కాని ఆ జీతం తక్కువ ఎందుకైంది? ఆయన ముందు వచ్చాడు, ఆమె వెనక వచ్చింది. వచ్చాక పని చేయడానికి అనుమతి లేక ఇంట్లో కూర్చుంది. హెచ్-4 మీద ఉన్న భార్యలలో కొందరికి పని అనుమతి దొరకడం 2015 మే నెలాఖరు నుంచే మొదలైంది. అంతకు ముందు వచ్చినవారి పదేళ్ళు గాలికి పోయాయి. తరువాత పిల్లలు. తరువాత చదువు మళ్ళీ మొదలుపెట్టి, పరీక్షలు రాసి, ఒక ఉద్యోగంలో కుదురుకునేసరికి నలభై దాటింది. ఇప్పుడు, పాత ఇళ్ళు బాగుచేయడం కోసం, 'తక్కువ' అన్న పేరుతో మళ్ళీ ఆ ఉద్యోగమే మొదట తెగుతుంది. ఇది లెక్క కాదు, పాత లెక్కకు వడ్డీ.

తరువాతి సంగతులు ఎవరూ పట్టికలో వేయరు. ఇక్కడి సోషల్ సెక్యూరిటీ పింఛను ఒక మనిషి అత్యధికంగా సంపాదించిన ముప్పైఐదు సంవత్సరాల సగటు మీద ఆధారపడుతుంది. ముప్పైఐదు ఏళ్ళు లేకపోతే లేని ఏళ్ళకు సున్నా వేస్తారు. అద్దె ఆదాయం ఆ లెక్కలోకి మామూలుగా రాదు. నలభైలో ఉద్యోగం మొదలుపెట్టిన ఆవిడ ఖాతాలో సున్నాలు ఎన్నో మీరే ఊహించండి. కంపెనీ తన వంతు కలిపే విశ్రాంత నిధి జీతంతో పాటు చిక్కిపోతుంది. వారానికి ముప్పై గంటలు దాటి పనిచేసేవారికి పెద్ద కంపెనీలు ఆరోగ్య బీమా ఇవ్వాలని చట్టం అంటుంది, కిందికి దిగితే అది కంపెనీ దయ. ఇళ్ళు ఎవరి పేర ఉన్నాయి? అడగండి. కంపెనీ పెట్టి దాని పేర కొంటే అందులో ఆమె వాటా ఎంత? గంటలు ఆమెవి, పట్టిక ఆమె రాస్తుంది, పైపు పగిలిందని రాత్రి పదకొండుకు అద్దెవాళ్ళు చేసే ఫోను ఆమె ఎత్తుతుంది. పార్టీలో "నాకు ఆరు ఇళ్ళున్నాయి" అనేది మాత్రం ఆయన.

ఇష్టపడి చేసేవారు లేరా? ఉన్నారు. ఆఫీసు విసుగెత్తి, ఈ పనిలో ప్రాణం లేచొచ్చిన ఆడవాళ్ళు నాకు తెలుసు. మేస్త్రీలతో వాళ్ళు బేరమాడే తీరు చూసి తీరవలసిందే. వారి గురించి కాదు ఇది. అడగకుండానే తేలిపోయిన నిర్ణయాల గురించి.

హెచ్-1బి మీద ఉన్న మగవారికి మరో సంగతి. ఇల్లు కొని అద్దెకివ్వడానికి అడ్డులేదు గాని, దాన్ని రోజూ దగ్గరుండి నడిపితే అది అనుమతి లేని పనిగా లెక్కకు వచ్చే ప్రమాదం ఉంది. గంటలు తగ్గించుకోవాలంటే కంపెనీ సవరించిన దరఖాస్తు పెట్టాలి. ఇది తెలియకుండా గోడలకు రంగులేస్తూ ఫొటోలు పెట్టుకునేవారిని చూస్తే భయం వేస్తుంది.

ఇంతవరకు చదివినవారు నన్ను ఈ పనికే వ్యతిరేకి అనుకుంటారేమో. కాదు. నాకు ఇది చాలా ఇష్టమైన పని. కొలంబస్ దక్షిణపు పేటల్లో 1920ల నాటి ఇల్లు ఒకటి కొని, మూడేళ్ళుగా శని ఆదివారాలు దాని మీదనే గడుపుతున్నాం. అటువంటి ఇంట్లో గోడ అంటే ఇప్పటి డ్రైవాల్ కాదు. సన్నని చెక్క పట్టీలు వరసగా కొట్టి, వాటి మీద మూడు పూతలుగా సున్నపు గచ్చు మెత్తేవారు. పట్టీల సందుల్లోంచి గచ్చు వెనక్కి జారి, అక్కడ గడ్డకట్టి పట్టుకుంటుంది. ఆ పట్టు వదిలితే గోడ బోలుగా మోగుతుంది. వేలి కణుపుతో తట్టి ఎక్కడ బోలో చెప్పడం నేర్చుకున్నాను. కొబ్బరికాయ తట్టి చూసినట్టే! గోడలో పింగాణీ గుబ్బల మీద నడిచే పాత కరెంటు తీగలు ఉంటాయి, బీమావాళ్ళు వాటిని చూస్తే మొహం తిప్పుకుంటారు. ఇనప పైపులకు లోపల తుప్పు పేరుకుని, బొటనవేలు పట్టే రంధ్రం పెన్సిల్ పట్టేంత అవుతుంది. కింద బేస్‌మెంట్లో చెమ్మ. దానికి రంగు పూసేవాడు మోసగాడు, బయట నేల వాలు సరిచేసి చూరునీళ్ళు దూరంగా పంపేవాడు మేస్త్రి.

రంగు సంగతి మరీ ముఖ్యం. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసాన్ని ఇక్కడ 1978లో నిషేధించారు. అంతకు ముందు కట్టిన ఇంట్లో గోడ గీకితే లేచే దుమ్ము పసిపిల్లల మెదడుకు చేటు. 2010 నుంచి అలాంటి ఇళ్ళలో డబ్బు కోసం పనిచేసేవారు శిక్షణ పొంది, ధ్రువపత్రం తీసుకుని, దుమ్ము బయటికి పోకుండా కట్టడి చేసి పనిచేయాలన్నది నియమం. అమ్మకానికో అద్దెకో ఇల్లు బాగుచేసేవాడికీ అది వర్తిస్తుంది. నాకు తెలిసి ఒక కాంట్రాక్టరు ఈ మాట ఎత్తగానే నవ్వి, రెండు వేలు తగ్గిస్తాను, మరచిపోండి అన్నాడు. ఆ ఇంట్లో తరువాత పాకే బిడ్డ ఎవరో మనకు తెలియదు, అందుకే మరచిపోవడం తేలిక.

ఈ పనిలో నాకు కలిగిన తృప్తికి ఇంకో కారణం ఉంది. మా తాతగారి ఇంట్లో గోడ పడితే తాపీమేస్త్రి వచ్చేవాడు. ఆయన పేరు నాకు తెలుసు, ఇల్లు ఎక్కడో తెలియదు, మంచినీళ్ళు ఏ గ్లాసులో ఇచ్చేవారో గుర్తుంది. ఇంజనీరింగు చదివిన నేను ఇటుక పట్టింది అమెరికా వచ్చాకే. "ఇంత చదివి ఈ కూలి పనేమిట్రా?" అని ఇండియా నుంచి ఫోన్లో మా బాబాయి అడిగితే, ఆ ప్రశ్నలో నా మీద జాలి కంటె ఆ పని మీద చిన్నచూపే ఎక్కువ వినబడింది. గచ్చు మూడో పూత నునుపుగా రావడానికి మణికట్టు ఎంత ఎరగాలో ఇప్పుడు తెలిసింది. ఆ మేస్త్రికి మేమిచ్చిన కూలి ఎంతో కూడా ఇప్పుడే గుర్తొస్తోంది. ఈ పనికి దిగేవారిని 'ఉద్యోగం నిలుపుకోలేక' అని మన సంఘాల్లో వెనక చెప్పుకోవడం ఇంకా ఉంది. అది పోవాలి.

ఇల్లు ఎవరి దగ్గర కొంటున్నామన్నది కూడా చూడాలి. 'మీ ఇల్లు ఉన్నదున్నట్టు నగదుకు కొంటాం' అని కరెంటు స్తంభాలకు అతికించిన కాగితాలకు ఫోను చేసేది ఎవరు? భర్త పోయిన ముసలామె, ఆస్పత్రి బిల్లుల వాళ్ళు, పన్ను బకాయి పడ్డవాళ్ళు. డెబ్భై శాతం సూత్రం వాళ్ళ ఆపద మీదనే నడుస్తుంది. 2023లో మా కౌంటీ ఇళ్ళ విలువలన్నీ తిరగ కట్టింది. చుట్టూ ఇళ్ళు కొత్త హంగులతో అమ్ముడుపోతుంటే, ఏ హంగూ చేయని ఇంటికి కూడా విలువ పెరుగుతుంది, పన్నుకు అదే ఆధారమవుతుంది. పెన్షను మీద బతికే పక్కింటివాళ్ళు మనం మెరుగుపెట్టిన నేలకు కొంత చెల్లిస్తున్నారన్నమాట. అలాగని పాడుబడి కిటికీలకు చెక్కలు కొట్టిన ఇల్లు వీధికి మేలు చేస్తుందా అంటే, లేదు. ఆ వీధివాళ్ళే చెబుతారు. ఖాళీగా పడి ఉన్న ఇంటిని కొని నిలబెట్టడం ఒకటి, మనిషి ఉన్న ఇంటిని ఆ మనిషి ఇబ్బందిలో ఉన్నప్పుడు లాక్కోవడం ఇంకొకటి. రెంటికీ మన పట్టికలో ఒకే గడి ఉండటం నాకు నచ్చదు. మేం కొన్నది ఖాళీ ఇల్లు, మళ్ళీ కొంటే ఖాళీదే కొంటాం.

ఈ దారిన వెళ్ళాలనుకునేవారికి నా మటుకు నేను చెప్పేది, మొదటి ఇంటికి జీతం తగ్గించుకోవద్దని. బ్యాంకు మనకు అప్పిచ్చేది మన ఇంటిని చూసి కాదు, జీతపు చీటీని చూసి. ఆ చీటీ చిక్కిన మరునాడు అద్దెనే చూసి ఇచ్చే అప్పులు దొరుకుతాయి గాని, వాటి వడ్డీ ఎక్కువ. స్వయంఉపాధి ఆదాయమని చెబితే మామూలుగా రెండేళ్ళ పన్ను పత్రాలు చూపమంటారు. బాగుచేశాక మళ్ళీ అప్పు తీసి పెట్టుబడి వెనక్కి లాగుదామనుకునేవారు, విలువలో 75 శాతానికి మించి సాధారణంగా ఇవ్వరని గుర్తుపెట్టుకోవాలి. అంతకంటె, మనమే ఉంటూ బాగుచేసుకునే దారి ఒకటుంది. ఐదేళ్ళలో రెండేళ్ళు సొంత నివాసంగా ఉన్న ఇంటిని అమ్మితే దంపతులకు ఐదు లక్షల వరకు లాభం మీద పన్ను లేదు. దుమ్ములో వండుకోవాలి, నిజమే. పిల్లలు గొణుగుతారు. కాని ఉద్యోగం ఎవరిదీ పోదు.

మా ఇంట్లో ఏమైందో చెప్పకుండా ఇదంతా చెప్పడం భావ్యం కాదు. మా ఆవిడ ఆస్పత్రిలో ఫార్మసిస్టు. ఆ పరీక్షలు రాయడానికి తను పడ్డ కష్టం నాకు తెలుసు. బీమా తన ఉద్యోగం మీదే ఉంది. నా జీతం తన జీతం కంటె ఎక్కువ. పట్టిక ప్రకారం, మా పన్ను సలహాదారు ప్రకారం, మా మిత్రులందరి ప్రకారం తగ్గించుకోవలసింది తనే. "నాకు మందులు ఇవ్వడం ఇష్టం, గోడలు తట్టడం నీకిష్టం" అంది తను. అంతే. వచ్చే జనవరి నుంచి నేను వారానికి మూడు రోజులే ఆఫీసుకు పనిచేస్తాను. ఏడాదికి పన్నెండువందల గంటలు. మిగిలిన రెండు రోజులు ఇళ్ళ మీద పెడితే ఎనిమిదివందలు. 750 దాటుతుంది గాని సగం దాటదు, కాబట్టి ఆ వృత్తినిపుణుడి హోదా నాకు రాదు. పన్నులో ఏడాదికి కొన్ని వేలు వదులుకుంటున్నాం. వాడుకోలేని నష్టం పోదు, ముందుకు జరిగి, ఇల్లు పూర్తిగా అమ్మిన రోజున అక్కరకు వస్తుంది. రెండేళ్ళు గడువు పెట్టుకున్నాం. రెండో ఇల్లు ఇద్దరి పేరా ఉంటుంది.

"మరి మీవారు మళ్ళీ పూర్తి ఉద్యోగం అడిగితే ఇస్తారా?" అని మొన్న ఒకావిడ మా ఆవిడను ఆందోళనగా అడిగింది. తను తగ్గించుకుని ఉంటే ఆ ప్రశ్న ఎవరైనా వేసేవారా అని తను నన్నడిగింది.